ఆవిడ పెదాలు, ఈవిడ గొంతు

సాయంత్రం గొంతమ్మ ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే ఆవిడ మొగుడు ముందు చూసేది మొహం కాదు, మూతి. ఇరవై రెండేళ్ళుగా అదే వరస.

"వచ్చిందండీ హీరోయిను," అంటాడు.

పొద్దస్తమానం డబ్బింగు గదిలో తెర మీద హీరోయిన్ పెదాలనే చూస్తూ, వాటితో పాటే తన పెదాలూ కదుపుతూ ఉంటుంది కాబట్టి, ఇంటికొచ్చాక ఓ గంటసేపు గొంతమ్మ మూతి ఆవిడ మాట వినదు. కింది పెదవి కాస్త ఎడమకి లాగుతుంది. మాట చివర చిన్న నవ్వొకటి వేలాడుతుంది. ఆ రెండూ హీరోయిన్ సొత్తు. టీ తాగి, కూర తరిగి, పక్కింటావిడ మీద రెండు విసుర్లు విసిరాక గాని మూతి మళ్ళీ సొంతదారు చేతికి రాదు.

ఇంత కనిపెట్టడానికి ఆయనకో కారణం ఉంది. డ్రమ్ముల ఫ్యాక్టరీలో రేకులు వంచే మిషను పక్కన ముప్ఫై ఏళ్ళు నిలబడ్డాడు. ఆ మిషను ఆయన చెవులు కొంచెం కొంచెంగా తినేసి, పదేళ్ళ కిందట చేతులు కడుక్కుంది. వినికిడి తగ్గడం మొదలైనప్పట్నుంచే పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నాడు. ఎంత బాగా నేర్చుకున్నాడంటే, వీధికి అవతల ఇద్దరు గుసగుసలాడుకుంటే వాళ్ళ గుట్టు ఈయన దగ్గరుంటుంది. వెలుతురు చాలనప్పటికని వంటింటి గుమ్మం పక్కన మేకుకి ఒక పలక వేలాడుతుంటుంది గాని, అదంటే ఆయనకి చిన్నచూపు. "పలక మీద ఎవడేమైనా రాస్తాడు. నేను నోరే నమ్ముతాను," అంటాడు.

ఏ గొంతు వినడానికి జనం సినిమా హాళ్ళకి ఎగబడేవారో ఆ గొంతు ఆయనొక్కడే వినడు. దీని గురించి కూర్చుని బాధపడే తీరిక గొంతమ్మకి దొరకలేదు.

హీరోయిన్‌కి దేవుడు అన్నీ ఇచ్చి గొంతు దగ్గర చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నోరు తెరిస్తే గరగర, తుప్పు పట్టిన గడియ తీసినట్టు. మొదటి సినిమాకే నిర్మాత తలపట్టుకుని గొంతమ్మని పిలిపించాడు. ఆ మొహం మీద ఈ గొంతు వాలింది, ఇంక లేవలేదు. ఈ సంగతి జనానికి తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పరు. సినిమా మొదట్లో కుర్చీలు సర్దినవాళ్ళ పేర్లు కూడా పడతాయి గాని గొంతమ్మ పేరు పడదు. సభలకి పిలిస్తే హీరోయిన్ చేతులు జోడించి, నవ్వి, కూర్చుంటుంది. ఎంత అణకువ అని జనం మురిసిపోయేవారు. ఇరవై రెండేళ్ళలో ఆ ఇద్దరూ ఎదురుపడింది నాలుగే సార్లు. ప్రతిసారీ హీరోయిన్ "అక్కా" అని చెయ్యి పట్టుకునేది. అంతకు మించి మాట్లాడేది కాదు.

ఇలా సాగుతుండగా ఎన్నికలొచ్చాయి. ఏటి గట్టు వెంబడి పెద్ద రోడ్డు వెయ్యాలని ప్రభుత్వం పంతం పట్టింది. గట్టు మీద నాలుగొందల ఇళ్ళున్నాయి. దాంతో జనం రెండుగా చీలారు, రోడ్డు వాళ్ళని, గట్టు వాళ్ళని. ఆఖరికి క్షవరం దుకాణంలో కూడా ఎవరి బల్ల వాళ్ళదే. గొంతమ్మ మొగుడు రోడ్డు వాడు. ముప్ఫై ఏళ్ళు ఇరుకు సందుల్లో సైకిలు తొక్కి ఫ్యాక్టరీకి పోయినవాడు మరేమవుతాడు? గొంతమ్మ ఎటూ కాదు. ఆవిడ నోట్లోంచి వచ్చే మాటలన్నీ ఎవరో రాసిచ్చినవే. సొంత మాట ఒకటుండాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఆ రోజుల్లోనే హీరోయిన్‌కి ఏదో బహుమతి ఇచ్చారు. పెద్ద సభ. మంత్రిగారు శాలువా కప్పారు. ఆవిడ చేతులు జోడించింది, నవ్వింది. కూర్చోవాల్సింది పోయి మైకు దగ్గరికి నడిచింది.

"ఇళ్ళు కూల్చేవాళ్ళకి నేను ఓటెయ్యను," అంది.

అంతే. మళ్ళీ వచ్చి కూర్చుంది.

ముందు జనం నవ్వారు, ఆ గరగర విని. మైకు పాడైందనుకున్నారు. తర్వాత మాట తలకెక్కింది. మర్నాడు రోడ్డు వాళ్ళు గోడల మీద ఆవిడ పోస్టర్లు చించారు. గట్టు వాళ్ళు నెత్తిన పెట్టుకున్నారా అంటే, అదీ లేదు. ఇరవై రెండేళ్ళ నుంచి ఎక్కడ నిద్రపోతోందమ్మా ఈవిడ అన్నారు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అలా అయింది ఆవిడ పని.

అయినా జనం కోపం పాలపొంగు లాంటిది. పదిహేను రోజుల్లో చల్లారేదే. ఈలోగా పెదాలు తిరిగాయి.

ఆ సంగతి మొదట పట్టుకున్నవాడు గొంతమ్మ మొగుడే. సెలవు రోజు మధ్యాహ్నం టీవీలో పదేళ్ళ నాటి సినిమా వస్తోంది. ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఒసే, ఇలా రా. ఈవిడేంటే, రైలు కదులుతుంటే ప్లాట్‌ఫారం మీద నిలబడి ఓటు సంగతి చెప్తోంది?"

గొంతమ్మ చేతిలో కత్తిపీటతోనే వచ్చి చూసింది. గొంతు తనదే. 'చేరగానే ఉత్తరం రాయండి, మరిచిపోకండేం' అంటోంది. పెదాలు మాత్రం ఇంకేదో అంటున్నాయి. ఆవిడకి ఆశ్చర్యం కలగలేదు, కోపం వచ్చింది. ఆ సీనుకి పెదాలు కుదరాలని పదిహేడు సార్లు చెప్పిన మనిషి.

"ఏమంటోంది?"

"ఇళ్ళు కూల్చేవాళ్ళకి నేను ఓటెయ్యను అంటోంది. మళ్ళీ అంది చూడు. అదుగో, ఏడుస్తూ కూడా అదే."

మర్నాడు స్టూడియోకి వెళ్తే సౌండు ఇంజనీరు మిషను విప్పి నేల మీద పరుచుకుని కూర్చున్నాడు. ఆయన గొంతమ్మ ఈడువాడు, గొంతమ్మ అంత అలిసిపోయినవాడు. హీరోయిన్ సినిమా ఏది వేసినా పెదాలకీ మాటకీ పొత్తు కుదరడం లేదని హాళ్ళ నుంచి ఫోన్లు. మూడు రోజులుగా మరలు బిగిస్తున్నాడు.

"మిషను తప్పు కాదులెండి," అంది గొంతమ్మ సంచి కొక్కేనికి తగిలిస్తూ. "పెదాలే తిరిగాయి. ఆ రోజు సభలో అన్న మాటే అంటున్నాయట. మావారు చెప్పారు."

ఇంజనీరు చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "అన్ని సినిమాల్లోనూనా?"

"చూసినంత మట్టుకు."

"వెనకటికి ఒక పాటగాడికీ ఇలాగే అయింది. సర్దుకోవడానికి ఏడాది పట్టింది," అని ఆయన లేచి నిర్మాతకి ఫోను చేశాడు.

అక్కడే గొంతమ్మ నాలిక కరుచుకుంది. చెప్పకపోతే మిషను పాడైందని ఇంకో నెల గడిచేది. ఆ నెలలో ఎన్నికలూ అయిపోయేవి. పెదాలు కుదరలేదంటే ఊరుకోలేకపోవడం ఆవిడ వృత్తి రోగం. ఆ రోగం వల్ల హీరోయిన్ కొంప మునిగింది.

వారం తిరిగేసరికి అందరికీ తెలిసిపోయింది. పెదాలు ఎలా చదవాలో పత్రికలు బొమ్మలేసి మరీ నేర్పాయి. లాలిపాట పాడుతూ ఆవిడ అదే అంటోంది. పులి తరుముతుంటే పరిగెడుతూ అదే అంటోంది. ఓటు మాటలకి నురగ రాదని సబ్బు కంపెనీ ఆవిడ ప్రకటన తీసేసింది. ఆవిడ కొత్త సినిమాలు నాలుగు డబ్బాల్లో ఉండిపోయాయి. ఒక హాలు ముందు బోర్డు పెట్టారు: 'ఈ చిత్రంలో పెదాలు తిరిగినవి. మాటలు మామూలే.' దాని మీద ఎవరో పేడ కొట్టారు.

పెదాల దెబ్బ గొంతుకీ తగిలింది. గొంతమ్మ కూరగాయల కొట్టుకి వెళ్ళి "వంకాయలు అరకిలో" అనగానే కొట్టువాడు తలెత్తి చూశాడు. "ఏంటమ్మా, నీ గొంతు అచ్చం ఆవిడ గొంతులా ఉందే," అన్నాడు. ఇదివరకు ఇదే మాట నవ్వుతూ అనేవాడు, చేతికి రెండు మిరపకాయలు ఎక్కువ పెట్టేవాడు. ఇప్పుడు పుచ్చువి ఏరి వేశాడు. బస్సులో టికెట్ అడిగితే వెనకనుంచి ఎవడో ఛీ అన్నాడు. దాంతో గొంతమ్మ బయట నోరు విప్పడం మానేసింది. కావలసింది వేలితో చూపించి తెచ్చుకునేది. ఇంట్లో మొగుడికి చెవులు లేవు, వీధిలో తనకి నోరు లేదు. చక్కని సంసారం అనుకుంది.

నిర్మాత వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. నిద్ర లేక కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"గొంతమ్మా, క్షమాపణ చెప్పమంటే ఆవిడ చెప్పనంది. సరే, వద్దు. జనానికి తెలిసిన ఆవిడ గొంతు నీది. సభలో విన్నది వేరే గొంతు. ఆ గొంతు నాది కాదు అని నువ్వు ఆవిడ పేరు మీద రేడియోలో ఒక్క ముక్క చెప్పు. చాలు. బొమ్మ లేదు కాబట్టి పెదాల గొడవ లేదు. ఆలోచిస్తే అందులో అబద్ధం కూడా లేదు."

"నేను చెప్పనంటే?"

"ఎవరూ నిన్ను కొట్టరు. కాని ఆవిడ పడితే నువ్వూ పడ్డట్టేగా. ఈ గొంతు ఇంకో మొహం మీద పెడితే జనం ఒప్పుకుంటారా? వంకాయలు కొనుక్కోవడానికి కూడా పనికిరావడం లేదని నువ్వే అన్నావట." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "రెండ్రోజులు ఆలోచించుకో."

ఆ రెండ్రోజుల్లో హీరోయినే వచ్చింది. నడి మధ్యాహ్నం, అద్దె కారులో, తలకి గుడ్డ చుట్టుకుని. గొంతమ్మ మొగుడు తలుపు తీసి, ఆవిడ నోటి వంకే చూస్తూ కుర్చీ వేశాడు.

"కూర్చోమ్మా. ముందే చెప్తున్నా, నేను రోడ్డు వాణ్ణి."

"ఉండండి బాబాయ్. రోడ్డు వద్దని నేను అన్లేదుగా," అంది హీరోయిన్.

"ఇంట్లో బాగానే మాట్లాడుతోందే," అన్నాడాయన భార్యతో. ఆవిడ గొంతు గరగరలాడిన సంగతి ఆయనకి పట్టలేదు. ఆయనకి అన్ని గొంతులూ ఒకటే.

గొంతమ్మ టీ పెట్టింది. హీరోయిన్ గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా చల్లార్చింది.

"గట్టు మీద మీ వాళ్ళెవరైనా ఉన్నారా?" అనడిగింది గొంతమ్మ.

"ఎవరూ లేరక్కా. షూటింగుకి పోతూ రోజూ చూసేదాన్ని. ఒకావిడ గుమ్మానికి నీలం రంగు వేసుకుంటోంది. పక్క గోడ మీద అప్పటికే కూల్చేస్తామని గుర్తు గీసి ఉంది. అయినా వేసుకుంటోంది. ఎవరూ లేకపోయినా ఇళ్ళు ఇళ్ళే కదా."

హీరోయిన్ గొంతమ్మ చెయ్యి పట్టుకుంది, అలవాటుగా.

"నన్ను మెచ్చుకోమని రాలేదు. నా తరఫున మాట్లాడమనీ అడగను. ఇన్నేళ్ళూ నేను అన్నవన్నీ నువ్వే అన్నావు. నా అంతట నేను అన్నది ఆ ఒక్క మాటే. అది నాది కాదని మాత్రం అనకక్కా."

గొంతమ్మ "చూద్దాం" అంది. అలా అన్నవాళ్ళు ఏం చేస్తారో ఆవిడకి తెలుసు, హీరోయిన్‌కీ తెలుసు. కారు వెళ్ళిపోయాక ఆయన గ్లాసులు తీస్తూ అన్నాడు, "ఆ అమ్మాయి అన్నది నాకు నచ్చలేదే. నా ఓటు రోడ్డుకే. కాని అన్న మాట అన్నట్టు ఉండాలి. కాదంటే తప్పు."

గొంతమ్మ సింకులో నీళ్ళు వదిలింది. జవాబు చెప్పాలంటే అటు తిరగాలి. తిరగలేదు.

మూడో రోజు పొద్దున్న రికార్డింగు. కాగితం మీద నాలుగు వాక్యాలు. గదిలో మైకు, చెవులకి పెట్టుకునేది, ఎదురుగా ఖాళీ తెర. గొంతమ్మ గొంతు సవరించుకుంది. మొదలుపెట్టింది. రెండో మాట దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ ఆగింది.

"ఏమైంది?" అన్నాడు ఇంజనీరు అద్దం అవతల నుంచి.

"ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియడం లేదండీ." ఆవిడకి సిగ్గేసింది. ఇరవై రెండేళ్ళలో పెదాలు చూడకుండా మాట్లాడింది లేదు. "ఏదైనా బొమ్మ వెయ్యండి. ఏదైనా సరే. ఆవిడ కనపడితే చాలు."

నిర్మాత తల ఊపాడు. ఇంజనీరు చేతికి దొరికిన రీలు వేశాడు. హీరోయిన్ కిటికీ దగ్గర నిలబడి ఎవరికోసమో ఎదురుచూసే సీను. దగ్గరి షాటు, మొహం తెర నిండా ఉంది. పెదాలు కదిలాయి. ఇళ్ళు కూల్చేవాళ్ళకి నేను ఓటెయ్యను. ఆగాయి. మళ్ళీ కదిలాయి. ఇళ్ళు కూల్చేవాళ్ళకి నేను ఓటెయ్యను.

గొంతమ్మ ఆ పెదాలని పట్టుకుంది. ఆవిడ నోరు దానంతటది వాటి వెంట నడిచింది.

"అందరికీ నమస్కారం. ఆ రోజు సభలో మీరు విన్న గొంతు నాది కాదు. నా గొంతు ఇదే, మీ అందరికీ తెలుసు. ఆ మాట నేను అనలేదు."

ఒక్క టేకులో అయిపోయింది. మాట మొదలైన చోట పెదవి విడింది, మాట ఆగిన చోట పెదవి ఆగింది. ఇంత చక్కగా కుదిరిన డబ్బింగు తన జీవితంలో లేదని ఆవిడకి తెలుసు. ఇంజనీరు మిషను ఆపి, చాలాసేపు ఆ మీటల వంకే చూస్తూ కూర్చున్నాడు.

పన్నెండింటికి రేడియోలో వేశారు. రెండింటికల్లా జనం తేలికపడ్డారు. అనుకున్నాంలే, ఆ గరగర గొంతు ఆవిడదెలా అవుతుంది అన్నారు. హాలు ముందు పేడ కడిగారు. పెదాల సంగతి అడిగితే, పాపం ఎవరో చేతబడి చేసుంటారన్నారు. నిర్మాత గొంతమ్మకి దణ్ణం పెట్టి, నాలుగు సినిమాలకీ తేదీలు చెప్పాడు.

ఆవిడ సంచి తీసుకుంటుంటే ఇంజనీరు దగ్గరికొచ్చి మెల్లిగా చెప్పాడు. "ఇందాక హీరోయిన్ రేడియో స్టేషనుకి వెళ్ళిందట. ఆ మాట నేనే అన్నాను, లోపలికి వెళ్ళి చెప్పాలి అందట. గేటు దగ్గర ముసలాయన చెవి దగ్గరగా పెట్టి విన్నాడట. 'అమ్మా, మొహం ఆవిడలాగే ఉంది గాని గొంతు కాదు, ఇంటికెళ్ళు' అని పంపించేశాడట."

"ఏమందట?"

"ఇంకేమంటుంది. వెళ్ళిపోయిందట."

గొంతమ్మ బస్సెక్కింది. టికెట్ నోటితోనే అడిగింది. కండక్టరు నవ్వుతూ, "మీ గొంతు అచ్చం ఆవిడ గొంతులా ఉందమ్మా," అన్నాడు. కూరగాయల కొట్టువాడు పిలిచి మరీ రెండు మిరపకాయలు చేతిలో పెట్టాడు. ఆవిడకి ఆ మిరపకాయలు పారేయాలనిపించింది. పారేయలేదు. అలిసిపోయి ఉంది.

ఇంటి ముందు చెప్పులు విడుస్తుంటే ఆయన కుర్చీలోంచి తల తిప్పాడు. పడమటి వెలుతురు గుమ్మంలో పడుతోంది. అంతా బాగా కనపడుతోంది.

"ఏం చేశావే?" అన్నాడు.

ఏమీ చెయ్యలేదు, పని ఎక్కువైంది, ముందు కాసిని మంచినీళ్ళు ఇవ్వండి. ఆవిడ చెప్పింది ఇది.

ఆయన ఆ నోటి వంక చూశాడు. లేచి దగ్గరికొచ్చి మళ్ళీ చూశాడు.

"ఇంకోసారి అను."

"మంచినీళ్ళండీ," అంది గొంతమ్మ.

"ఇళ్ళు కూల్చేవాళ్ళకి నేను ఓటెయ్యను," అని చదివాడాయన, పెదాల మీద నుంచి, ఒక్కో మాటే. "అదే అంటున్నావు. మూతి కూడా నీదే. ఎడమకి లాగడం లేదు, ఆ నవ్వూ లేదు. నీ సొంత మూతి."

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తీసి ఏదో అంది. ఆయన తల ఊపాడు, అదే మాటకి. పక్కింటావిడ గురించి ఏదో అంది. అదే మాటకి మళ్ళీ తల ఊపాడు. గంట గడిచింది. టీ తాగారు, కూర తరిగింది, అయినా ఆవిడ ఏం మాట్లాడినా ఆయనకి కనపడింది ఆ ఒక్క మాటే. ఆయన కంగారుపడలేదు. హీరోయిన్‌కి తిరిగినట్టే తిరిగాయి, అంతే కదా.

గొంతమ్మకి మాత్రం అర్థమైంది. గొంతు బాగానే ఉంది, రేపు స్టూడియోకి వెళ్ళొచ్చు, అక్కడ ఆవిడ పెదాలు ఎవరూ చూడరు. ఈ ఇంట్లో, ఈ ఒక్క మనిషికి, ఇకమీదట తను ఆ ఒక్క మాటే. ఆవిడ వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి మేకు మీంచి పలక తీసింది. బలపం వెతికింది. రాసింది.

'ఆ మాట ఆవిడది కాదని ఇవాళ నేను రేడియోలో చెప్పాను.'

ఆయన పలక వెలుతురులోకి పట్టుకుని చదివాడు. రెండోసారి చదివాడు. తర్వాత ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ ఏడుస్తూ ఏదో చెప్పబోతోంది, తప్పయిపోయిందనో, మరి ఏం చెయ్యమంటారనో. ఆయన ఆ పెదాలు కదలడం ఆగిపోయేదాకా ఓపిగ్గా చూశాడు.

"చూడు, నేను రోడ్డుకే వేస్తాను. అది వేరే సంగతి," అన్నాడు. "కాని నువ్వు మంచి పని చేశావే. ఆ అమ్మాయి మాట నిలబెట్టావు."

గొంతమ్మ గట్టిగా తల అడ్డంగా ఊపింది. వేలితో పలక చూపించింది.

"పలక మీద ఎవడేమైనా రాస్తాడు," అన్నాడాయన. అలాగే చొక్కా చేతితో పలక తుడిచేసి మేకుకి తగిలించి, ఆవిడకి మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాడు.